ఉద్యోగంలో చేరనా, బ్యాట్ పట్టుకునే ఉండనా?

బొబ్బిలి దగ్గరి ఒక పల్లె నుంచి పాతికేళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దంది. పదకొండు పేజీలు రాసింది. కుదించి ఇస్తున్నాను.

పదహారేళ్లప్పుడు, వాన ముంచుకొస్తోందని, డాబా మీద ఎండబోసిన మిరపకాయలు ఎత్తడానికి మేడ ఎక్కింది. పిట్టగోడ లేని డాబా. బుట్ట పట్టుకుని వెనక్కి ఒక అడుగు వేసింది. అంతే. వెన్నుపూస దెబ్బతిని నడుం కింద స్పర్శ పోయింది. నాన్న వడ్రంగి. ఉన్న అరవై సెంట్ల పొలం వైద్యానికి అమ్మేశారు. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు ఉంచిన కేంద్రంలో ఒక మూల టేబుల్ టెన్నిస్ బల్ల ఉండేది. పొద్దుపోక బ్యాట్ పట్టుకుంది. "బంతి నా వైపు వచ్చినప్పుడు కాళ్ల సంగతి గుర్తు లేదప్పా" అని రాసింది.

ఇంటికొచ్చాక నాన్న పశువుల శాల ఖాళీ చేసి ప్లైవుడ్‌తో బల్ల చేశారు. మొదట మామూలు బల్లకు లాగే నాలుగు మూలలా కాళ్లు బిగించారు. వీల్‌చైర్ పాదాల పలక ఆ కాళ్లకు తగిలి అమ్మాయి బల్ల దగ్గరికే వెళ్లలేకపోయింది. ఆయన ఏమీ అనలేదు. టేపు తెచ్చి కొలిచి, కాళ్లు ఊడదీసి, మూరెడు లోపలికి జరిపి మళ్లీ బిగించారు. ఆ బల్ల మీదే తమ్ముడితో ఆడి ఆడి రాష్ట్ర పోటీల్లో మూడు పతకాలు, రెండేళ్ల కిందట జాతీయ పోటీల్లో క్లాస్ 4 లో (శరీరం మీద ఉన్న పట్టును బట్టి ఆటగాళ్లను విడదీసే వర్గాల్లో ఒకటి) కాంస్యం తెచ్చుకుంది. శని, ఆదివారాలు రైల్లో విశాఖపట్నం వెళ్లి కోచ్ దగ్గర నేర్చుకుంటోంది.

ఇప్పుడు మూడో ప్రయత్నంలో బ్యాంకు క్లర్క్ ఉద్యోగం వచ్చింది. పార్వతీపురం బ్రాంచి. వచ్చే నెల చేరాలి. కోచ్ ఏమో, "రెండేళ్లు పూర్తిగా నాకు ఇవ్వు, 2028 లాస్ ఏంజెలెస్ పారాలింపిక్స్ గురించి మాట్లాడదాం. కౌంటర్ ముందు కూర్చున్నావంటే ఆట అయిపోయినట్టే" అన్నారు. ఒక విదేశీ పోటీకి వెళ్లిరావాలంటే రెండున్నర లక్షలు అవుతుందని కూడా ఆయనే చెప్పారట. తమ్ముడు ఇంజినీరింగ్ మూడో ఏడాది. నాన్న ఏ మాటా అనరు. మేనమామ మాత్రం, "ఏటమ్మా, చేతికొచ్చిన ఉద్యోగం కాలదన్నుకుంటావా? కుర్చీలో కూచుని ఆడేది కూడా ఒక ఆటేనా?" అన్నాడట. ఆ మాట దగ్గర సిరా అలుక్కుపోయింది. చివరి పేజీలో ఒకే ప్రశ్న: "రెండింటిలో ఏది వదలమంటావు?"

చెల్లీ,

నన్ను అప్పా అని పిలిచావు. అక్కను ఇలా పిలవడం మన విజయనగరం, శ్రీకాకుళం వైపు అలవాటు. విని చాలా కాలమైంది. అందుకే నీకు నువ్వు అనే రాస్తున్నాను.

ముందు మీ మావయ్య మాట సంగతి చూద్దాం, అది నిన్ను బాగా కోసినట్టుంది. టేబుల్ టెన్నిస్‌ను ఒలింపిక్స్‌లో చేర్చింది 1988 లో, సియోల్‌లో. పారాలింపిక్స్‌లో అది 1960 రోమ్ నుంచీ ఉంది. అంటే కుర్చీలో కూర్చుని ఆడేవాళ్లు ఆ వేదిక మీదికి ఇరవై ఎనిమిదేళ్లు ముందే వచ్చారు. బల్ల అదే, 76 సెంటీమీటర్ల ఎత్తు. నెట్ అదే, బంతి అదే, పదకొండు పాయింట్లు అవే. తేడా అంతా కొద్ది నియమాల్లోనే ఉంది. సర్వీస్ అవతలి బల్ల మీద పడ్డాక పక్క గీత మీదుగా బయటికి పోతే మళ్లీ వేయాలి. పాదాలు నేలకు తగలకూడదు. ఇవన్నీ నీకు తెలిసినవే. మావయ్యకు తెలియవు, అంతే. ఒక ఆదివారం ఆయన్ని మీ శాలలోకి పిలిచి, ఒక కుర్చీ వేసి, లేవకుండా నీతో ఒక గేమ్ ఆడమను. వాదించే కంటే అది నయం.

ఇక నీ ఉత్తరం. రెండుసార్లు చదివాను. ఆట గురించి ఆరు పేజీలు, ఉద్యోగం గురించి మూడు పేజీలు ఉన్నాయి. అమ్మ గురించి తొమ్మిదో పేజీలో నాలుగంటే నాలుగు వాక్యాలు. అవి నీకే మళ్లీ చదివి వినిపిస్తాను: "అమ్మకి ఈ మధ్య నడుం నొప్పి. మొన్న బొబ్బిలి స్టేషన్లో రైలెక్కిస్తూ నన్ను ఆపలేక ఇద్దరం ప్లాట్‌ఫాం మీద కూలబడ్డాం. ఎవరో వచ్చి లేపారు. ఇద్దరం నవ్వుకున్నాం." ఆ వెంటనే కోచ్ చెప్పిన బ్యాక్‌హ్యాండ్ గురించి మొదలుపెట్టావు.

నేను ఆ నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోయాను. కారణం చెబుతాను. మా పిన్ని కొడుక్కి చిన్నప్పుడే కండరాల జబ్బు వచ్చింది. విజయనగరంలో వాళ్ల ఇల్లు. ఇరవై రెండేళ్లు పిన్నే ఎత్తింది వాణ్ని. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి స్నానాలగదికి, మళ్లీ మంచానికి. ఎవరైనా సాయం వస్తామంటే "నా బిడ్డ నాకు బరువా" అనేది. ఒకసారి సిరిమానోత్సవం మర్నాడు, ఇంటినిండా చుట్టాలు వచ్చి వెళ్లిన అలసటలో, స్నానం చేయించి లేపబోతే ఆమె నడుం పట్టేసింది. పక్కింటాయన వచ్చేదాకా వాడు తడి గచ్చు మీద గంటసేపు కూర్చున్నాడు. తర్వాత వాడు నాతో అన్నాడు: "అక్కా, చలి వేసింది కానీ దాని గురించి కాదు. తలుపు అవతల అమ్మ ఏడుపు నాకు వినపడకూడదని నోట్లో కొంగు కుక్కుకుంది. అది వినపడింది." అప్పటికి పిన్నికి యాభై నాలుగేళ్లు. తర్వాత మళ్లీ ఎత్తలేదు. ఎత్తలేకపోయింది.

నిన్ను భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. నువ్వు అడిగిన ప్రశ్నలో ఏదో తప్పిపోయిందని చెప్పడానికి చెబుతున్నాను. కోచ్ లెక్క చూడు: రెండేళ్లు విశాఖలో ఉండాలి. నీతో ఎవరుంటారు? అమ్మే. మావయ్య లెక్క చూడు: రోజూ పాతిక కిలోమీటర్లు వెళ్లి బ్యాంకులో కూర్చోవాలి. ఎక్కించేది, దించేది ఎవరు? అమ్మే. ఆట వైపు లెక్క వేసినా, ఉద్యోగం వైపు లెక్క వేసినా అమ్మ నడుం ఉచితంగా దొరుకుతుందనే వేశారు. నువ్వూ అలాగే వేశావు. తప్పు పట్టడం లేదు తల్లీ. తొమ్మిదేళ్లుగా నీ కాళ్లు ఆమే కాబట్టి, ఆమెను వేరే మనిషిగా లెక్కించడం అలవాటు తప్పింది. "ఏది వదలాలి" అన్నదానికంటే ముందు "అమ్మ ఎత్తకుండా నేను ఎంత దూరం వెళ్లగలను" అన్నది చూడాలి. దానికి జవాబు దొరికితే మిగతావి నువ్వనుకున్నంత చిక్కుగా ఉండవు.

దీన్ని పట్టుకుని ఒక్కో దారీ చూద్దాం.

ఉద్యోగంలో చేరావనుకో. జీతంలో మొదటి ఖర్చు తమ్ముడి ఫీజు అనుకుంటున్నావు, ఉత్తరంలో అలాగే రాశావు. నేనైతే పక్క చక్రాలు బిగించిన స్కూటీ అంటాను, లేదా పార్వతీపురంలోనే నేల మీద ఒక గది అద్దెకు, పొద్దున సాయంత్రం సాయానికి జీతమిచ్చి పెట్టుకునే ఒక మనిషి. అమ్మకు విశ్రాంతి కొనడానికి నీ దగ్గర డబ్బు ఉండటం ఇదే మొదటిసారి అవుతుంది. మరోవైపు నీకు వచ్చే దివ్యాంగుల పింఛను ఆగిపోతుంది. దాని సంగతి ఇంట్లో ముందే చెప్పు, తర్వాత మాట రాకుండా. క్లర్కులకు మొదటి ఆరు నెలలు ప్రొబేషన్, ఆ రోజుల్లో సెలవులు అడగడం కష్టం. ఆ ఏడాది ఆట కొంత వెనకబడుతుంది, ఒప్పుకోవాల్సిందే. ఆ తర్వాత దారులున్నాయి. జాతీయ, అంతర్జాతీయ పోటీలకు వెళ్లే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదిలో 30 రోజుల వరకు ప్రత్యేక సెలవు ఇచ్చే నిబంధన ఉంది. బ్యాంకులకు ఎవరి నియమాలు వాళ్లవి. నీ బ్యాంకు నియమం ఏమిటో చేరకముందే కాగితం మీద రాసి అడుగు. అదే కాగితంలో ర్యాంపు, వీల్‌చైర్ పట్టే టాయిలెట్ గురించి కూడా అడుగు. దయ చూపమని అడగడం కాదిది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నీకు ఇచ్చిన హక్కు.

టాయిలెట్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. "ప్రయాణం ఉన్న రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగను" అని ఎక్కడో చివర రాశావు, పెద్ద విషయం కానట్టు. వెన్నుదెబ్బ తగిలినవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్, కిడ్నీ సమస్యలు ఎంత తేలిగ్గా వస్తాయో నీ డాక్టరు చెప్పే ఉంటారు. వారంలో రెండు రోజుల అలవాటు ఉద్యోగంలో చేరాక ఆరు రోజులవుతుంది. అక్కడి టాయిలెట్‌లోకి కుర్చీ వెళ్తుందో లేదో నువ్వే స్వయంగా చూసి రా. ఏడు గంటలు కౌంటర్‌లో, మళ్లీ రెండు గంటలు బల్ల దగ్గర కూర్చుంటే పుండ్ల భయం కూడా ఉంటుంది. అరగంటకోసారి చేతుల మీద లేచి బరువు తీయడం మర్చిపోకు. ఒక్క పుండు పడితే మూడు నెలలు మంచం మీద పడుకోవాలి. అప్పుడు ఉద్యోగమూ ఆటా రెండూ ఆగిపోతాయి.

కోచ్ "కౌంటర్ ముందు కూర్చుంటే ఆట అయిపోయినట్టే" అన్నారు కదా. ఆయన ఆటను ప్రేమించే మనిషి, నీ మీద నమ్మకంతో అన్నారు. కానీ ఆ మాటతో నేను ఏకీభవించను. నీ క్లాస్ 4 లోనే ఆడే భవినా పటేల్ సంగతి చూడు. గుజరాత్‌లో మెహసాణా జిల్లా సుంధియా అనే పల్లె ఆమెది. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు పోలియో వచ్చింది. పద్దెనిమిదేళ్లప్పుడు అహ్మదాబాద్‌కు కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి వెళ్తే, అక్కడ బల్ల కనిపించింది. నీకు కనిపించినట్టే. ఇఎస్ఐ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేస్తూనే ఆడింది. 2021 ఆగస్టు 29 న టోక్యో పారాలింపిక్స్‌లో రజతం గెలిచినప్పుడు ఆమెకు 34 ఏళ్లు. అది బ్యాట్ పట్టుకున్న చాలా ఏళ్ల తర్వాత. ఆ పోటీల్లో మొదటి మ్యాచ్‌లోనే చైనా అమ్మాయి జౌ యింగ్ చేతిలో ఓడింది. అయినా నెగ్గుకుంటూ ఫైనల్‌కు వచ్చి మళ్లీ ఆమె చేతిలోనే ఓడింది. మరుసటి ఏడు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో స్వర్ణం. 2024 పారిస్‌లో క్వార్టర్ ఫైనల్‌లో మళ్లీ అదే జౌ యింగ్ ఎదురైంది, మళ్లీ ఓటమే. నీకు పాతికేళ్లు. కుర్చీలో ఆడే టేబుల్ టెన్నిస్ ముప్పై దాటాక ముగిసిపోయే ఆట కాదు. 2028 ఒక తేదీ మాత్రమే.

మన దగ్గర కూడా చూడు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో బరువులెత్తినవాళ్లు ఎంతమంది ఆ ఆటతోనే ఉద్యోగాల్లో చేరలేదు? అక్కడ ఎవరూ "ఉద్యోగమా, బరువులా" అని అడగరు.

రెండో దారి, రెండేళ్లు పూర్తిగా ఆటకే ఇవ్వడం. దీన్ని నేను కొట్టిపారేయను. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు ఆడితే వచ్చే పదును రాత్రి ఏడు తర్వాత అలసిపోయి ఆడితే రాదు, ఇది నిజం. ఈ ఉద్యోగం వదిలేసినంత మాత్రాన తలుపు శాశ్వతంగా మూసుకుపోదు కూడా. క్లర్కు పరీక్షకు వయోపరిమితి 28, దివ్యాంగులకు దాని మీద పదేళ్ల సడలింపు ఉంది. మళ్లీ రాయొచ్చు. కానీ మళ్లీ వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, మూడుసార్లు రాసినదానివి నీకే తెలుసు. డబ్బు ఎక్కడిది? స్పాన్సర్ దొరుకుతాడని కోచ్ అన్నారని రాశావు. దొరికాడా, దొరుకుతాడా అన్నది తేడా. అమ్మడానికి నాన్న దగ్గర పొలం లేదు. విశాఖలో నువ్వూ అమ్మా ఉంటే ఇక్కడ నాన్నకు వండిపెట్టేది ఎవరు, అక్కడ మూడో అంతస్తు గది దొరికితే నిన్ను ఎత్తేది ఎవరు? ఈ ప్రశ్నలకు కోచ్‌తో కూర్చుని అంకెలు వేయించు. అంకెలు కుదిరితే, అమ్మ ఒప్పుకుంటే, ఇది తప్పు దారి కాదు. రెండేళ్ల తర్వాత ఏ పతకమూ రాకపోయినా "నేను ప్రయత్నించాను" అని నిద్రపోగలవా అని కూడా నిన్ను నువ్వు అడుగు. కొందరు నిద్రపోగలరు. నువ్వు ఏ రకమో నాకు తెలియదు.

ఈ రెండింటి మధ్య ఒక చిన్న దారి ఉంది. నీ ఉత్తరంలో అది లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నీ క్లాస్ 4 అన్నది ఇక్కడి పోటీల్లో నిర్ణయించింది. అంతర్జాతీయ పోటీకి వెళ్లినప్పుడు అక్కడి నిపుణులు మళ్లీ పరీక్ష చేస్తారు. కూర్చోబెట్టి, ముందుకు వంచి, పక్కలకు చాపించి, నడుం మీద ఎంత పట్టు ఉందో చూస్తారు. నీ దెబ్బ వెన్ను కింది భాగంలో అని రాశావు. ముందుకు వంగి బంతి అందుకుని చేయి ఆన్చకుండా లేవగలుగుతున్నానని కూడా సంతోషంగా రాశావు. అది చదివి నాకు సంతోషంతోపాటు ఒక అనుమానం వచ్చింది. నడుం మీద దాదాపు పూర్తి పట్టు ఉన్నవాళ్లది క్లాస్ 5. నిన్ను అందులో వేస్తే ఎదుటివాళ్లు మారిపోతారు. నెట్ పక్కన వదిలే నీ చిన్న బంతిని క్లాస్ 4 లో చాలామంది అందుకోలేరు. క్లాస్ 5 వాళ్లు వంగి అందుకుంటారు. ఇది తేలకుండా రెండేళ్లు పణం పెట్టడం నాకు మంచిదనిపించలేదు. అందుకని ముందు ఒకే ఒక్క అంతర్జాతీయ పోటీకి వెళ్లి, క్లాస్ తేల్చుకుని, అక్కడివాళ్లతో నాలుగు మ్యాచ్‌లు ఆడి రా. ఖర్చు ఉంది, నిజమే. కానీ రెండేళ్ల ఖర్చు కాదు. ఉద్యోగంలో చేరి ప్రొబేషన్ ముగిశాక నీ జీతంతోనే వెళ్లొచ్చు. లేదా చేరడానికి గడువు పొడిగించమని ఇప్పుడే బ్యాంకుకు రాయొచ్చు. ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం, ఇచ్చినా సీనియారిటీ పోవచ్చు. తెలిసి అడుగు.

నా మొగ్గు ఎటో నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. చేరి, ఏడాది ఓర్చుకుని, సొంత డబ్బుతో ఆ ఒక్క పోటీ ఆడి, అప్పుడు కోచ్ ముందు కూర్చోమంటాను. కానీ ఇది బయటినుంచి చూసే మనిషి మొగ్గు. బల్ల ముందు కూర్చునేది నువ్వు.

ఎటు వెళ్లినా అమ్మతో మాట్లాడాలి. ఆమె "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. ఆ మాట వినకు, ముందు ఆస్పత్రిలో చూపించు. ఇంకో సంగతి. నువ్వు నీ అంతట నువ్వు కుర్చీ దిగడం నేర్చుకుంటానంటే ఆమె సంతోషించకపోవచ్చు. మా పిన్ని సంతోషించలేదు. తొమ్మిదేళ్లుగా రోజుకు పదిసార్లు నిన్ను ఎత్తుకుంటున్న చేతులవి, ఖాళీ అయితే ఏం చేసుకోవాలో ఆ చేతులకు తెలియదు. పోటీలకు అమ్మను తీసుకెళ్లు. కాకపోతే ఈసారి చూడటానికి తీసుకెళ్లు. ఇన్నేళ్లలో నీ మ్యాచ్ ఒక్కటైనా ఆమె మొదటి పాయింట్ నుంచి చివరిదాకా కూర్చుని చూసిందా? ఉత్తరంలో ఆ ముక్క లేదు.

మొదలు ఎక్కడంటే, నాన్న దగ్గర. ఆయన ఏమీ అనరని బాధపడ్డావు. మూరెడు లోపలికి జరిపిన ఆ బల్ల కాళ్లు ఆయన మాటే. ఇప్పుడు ఇంకొక పని అడుగు. రెండున్నర అడుగుల పొడవు, ముప్పావు అడుగు వెడల్పు ఉన్న మంచి చెక్క పలక ఒకటి. నీ బరువుకు వంగకూడదు. రెండు చివర్లూ పలచగా చెక్కాలి, అంచులు గుండ్రంగా రావాలి, ఎక్కడా పేడు లేకుండా ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది పాలిష్ పెట్టాలి. నీకు స్పర్శ లేని చోట చిన్న పేడు గుచ్చుకున్నా తెలియదు కదా. ఒక చివర నీ కింద, రెండో చివర మంచం మీద పెట్టి, కుర్చీ బ్రేకులు వేసి, చేతుల మీద కొంచెం కొంచెంగా జరుగుతూ వెళ్లాలి. వీలైతే మొదటిసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకో. మంచం కుదిరాక ఆటో, ఆటో కుదిరాక స్కూటీ. రైలు మెట్టుకు ఇది పనికిరాదు, దానికి వేరే మనిషి సాయం కావాలి. మిగతావన్నీ బ్యాట్ తిప్పే నీ చేతులకు వస్తాయి. మొదటి రోజు అమ్మను పక్కనే నిలబెట్టుకో, చేయి మాత్రం వేయొద్దని చెప్పు.